యంత్రశిల్పి హెన్రీ రాయిస్

పాత మోటారుకారును ఇంటి ముంగిట నిలుపుకొని, తీరిక దొరికినప్పుడెల్ల దానిని విప్పి బిగించుకొనే అభిరుచి గలవారు నేటికీ అనేక దేశాలలో ఉన్నారు. వారికి మిక్కిలి శ్రమ కలిగించే పని బరువైన గేర్‌బాక్సును దింపి తిరిగి అమర్చడం. దింపడం సులభమే. అమర్చడంలోనే విద్య ఉన్నది.

గేర్‌బాక్సు అనగా చిన్నవీ పెద్దవీ అయిన పళ్ళచక్రాలు గల ఇనుపపెట్టె. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని త్రిప్పినప్పుడు వేగం తగ్గి బలం పెరుగుతుంది. చేతితో కదలని బండరాయి పొడవైన గడ్డపారకు లొంగినట్లు, ఇంజను ఒంటరిగా ఎక్కించలేని మిట్టకు బండి ఈ చక్రాల సాయంతో ఎక్కుతుంది. చాలా కార్లలో ఈ పెట్టె ముందరి ఇరుసును క్లచ్చి పలక నడిమి రంధ్రంలోనికి సూటిగా దూర్చవలె. పెట్టె బరువు క్షణమైనా ఆ ఇరుసుపై వ్రేలాడరాదు. వ్రేలాడితే పలక వంగిపోతుంది. క్రింద జాకీ నిలిపి, వెంట్రుకవాసి చొప్పున ఎత్తుతూ దించుతూ వరుస కలుపవలె. అది చేరకున్న యెడల బోల్టులు బిగించి బలవంతాన లాగరాదు. వెనుకకు తీసి, అడ్డమెక్కడ ఉన్నదో చూడవలె.

ఈ చిన్న నియమాన్ని జీవితమంతటా పాటించి లోకప్రసిద్ధుడైనవాడు హెన్రీ రాయిస్. రోల్స్ రాయిస్ అనే జంట పేరులో రెండవవాడు.

రాయిస్ 1863 మార్చి 27వ తేదీన ఇంగ్లాండులోని పీటర్‌బరో సమీపాన ఆల్వాల్టన్ గ్రామంలో జన్మించినాడు. తండ్రి పిండిమర నడిపేవాడు. ఆ వ్యాపారం చెడిపోగా కుటుంబం చెదిరినది. 1872లో తండ్రి కన్నుమూసినాడు. తొమ్మిదేండ్ల పసివాడు లండను వీధులలో వార్తాపత్రికలమ్మి, తరువాత ఇంటింటికి తంతివార్తలందించి పొట్ట పోసుకొన్నాడు. అతడు బడిలో చదివినది అంతా కలిపి సుమారు ఒక సంవత్సరం మాత్రమే.

1878లో బంధువర్గంలోని ఒక పెద్దామె ఏటికి 20 పౌనులు చెల్లించుటకు పూనుకొని, పీటర్‌బరో రైల్వే కర్మాగారంలో అతనిని అప్రెంటీసుగా చేర్చినది. అతడు బస చేసిన ఇంటి పెరటి పాకలో ఒక లేతు, కొన్ని పనిముట్లు ఉండేవి. సాయంకాలాలు ఆ పాకలో ఇనుమును ఆకురాయడం, సరిగా కొలవడం నేర్చుకొన్నాడు. పెరటిపాకయే అతని కళాశాల. మూడేండ్లకు ఆ పెద్దామె సొమ్ము నిండుకొన్నది. శిక్షణ సగంలో ఆగినది. పిమ్మట లీడ్సు నగరంలో వారానికి 11 షిల్లింగుల కూలికి పనిచేసినాడు. రాత్రులు కూర్చుండి విద్యుచ్ఛాస్త్రం చదివినాడు.

1884లో తాను కూడబెట్టిన 20 పౌనులతో, క్లేర్‌మాంట్ అనే మిత్రునితో కలిసి మాంచెస్టరులో చిన్న కార్ఖానా పెట్టినాడు. తొలుత విద్యుత్తు గంటలు, పిమ్మట డైనమోలు, బరువులెత్తే క్రేనులు చేసినారు. వ్యాపారం నిలదొక్కుకొన్నది. నలువదవ యేట, 1903 ప్రాంతంలో, ఆయన డెకావిల్ అనే ఫ్రెంచి కారును మారుచేతిలో కొన్నాడు. అది ఆయనకు తృప్తినీయలేదు. దానిని ముక్కముక్కగా విప్పి, ఒక్కొక్క భాగాన్నీ పరీక్షించి, ఏది ఎందుకు చప్పుడు చేయుచున్నదో, ఏది ఎందుకు అరుగుచున్నదో తెలిసికొన్నాడు. ఆ జ్ఞానంతో స్వయంగా నిర్మించిన కారు 1904 ఏప్రిల్ 1వ తేదీన వీధికెక్కినది. మే 4న మాంచెస్టరులోని ఒక హోటలులో, ప్రభుకుటుంబీకుడూ కార్ల వర్తకుడూ అయిన చార్లెస్ రోల్స్ ఆయనను కలిసికొన్నాడు. మరవాని కుమారునికీ ప్రభువు కుమారునికీ పొత్తు కుదిరినది.

వారి సిల్వర్ ఘోస్ట్ కారును 1907లో దాదాపు 15,000 మైళ్ళు పరీక్షగా నడిపినారు. పిదప దానిని పూర్తిగా విప్పి అరుగుదలను కొలిచినారు. క్రొత్తదానివలె చేయుటకు కావలసిన భాగాల వెల రెండు పౌనులకు కొంచెం మించినదట!

గర్వభంగం మాత్రం గేర్‌బాక్సు రూపంలోనే వచ్చినది. ఇంజను బలంమీది నమ్మకంతో ఆ కారుకు మూడే గేర్లు పెట్టినారు. 1911లో లండను నుండి ఎడిన్‌బరోకు పోయి తిరిగి వచ్చువరకు పై గేరులోనే నడిపి లోకాన్ని అబ్బురపరచినారు. మరుసటి యేట ఆల్ప్సు పర్వతాల పోటీలో, ఆస్ట్రియాలోని కాట్ష్‌బర్గ్ కనుమ వద్ద అదే జాతి కారు ఒకటి ఎక్కలేక నిలిచిపోయినది. అందలి మనుషులు దిగి భారం తగ్గించిన పిమ్మట గాని అది కదలలేదు. క్రింది గేరుకు ఆ నిటారుకు తగిన బలం లేదు. కంపెనీవారు దారిని గాని డ్రైవరును గాని నిందించక, నాలుగు గేర్ల పెట్టెను తయారుచేసి అమర్చినారు. 1913లో వారి కార్లు అవే పర్వతాలను ఎక్కి కీర్తిని మరలించుకొన్నవి.

మన హైదరాబాదుకు కూడ ఈ కథలో చోటున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ సింహాసనంవంటి పీఠం గల సిల్వర్ ఘోస్టును కోరినాడు. అది చేరకముందే, 1911లో, ఆయన మరణించినాడు. పసుపువన్నె గల ఆ కారు చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శితమైనది.

యంత్రంలో రవ్వంత అరుగుదలను సహింపని రాయిస్ తన దేహాన్ని మాత్రం లక్ష్యపెట్టలేదు. భోజనం మరచి, నిద్ర మాని పనిచేసినందున ఆరోగ్యం చెడి, 1912లో పెద్ద శస్త్రచికిత్స జరిగినది. అప్పటినుండి డెర్బీలోని కర్మాగారానికి దూరంగా, సముద్రతీరాలలో ఉంటూ, నమూనాలు గీయించి పంపేవాడు. అట్లు రూపొందిన విమానపు ఇంజనులు 1929లోనూ 1931లోనూ ష్నైడర్ పోటీలో గెలిచినవి. 1930లో బారనెట్ బిరుదు లభించినది. 1933 ఏప్రిల్ 22వ తేదీన కీర్తిశేషుడైనాడు. ఆయన కడపటి దినాలలో పని మొదలైన ఇంజనే తరువాత మెర్లిన్ అను పేరుతో 1940లో బ్రిటనును కాచిన యుద్ధవిమానాలను నడిపినది.

ఒక్క యేడు బడి చదువుతో ఆయన ఇంతవాడైనాడని చెప్పి, చదువు అక్కరలేదని విద్యార్థులు తలచరాదు. బడి దొరకని కొరతను ఆయన రాత్రుల నిద్ర చెల్లించి తీర్చుకొన్నాడు. ఆ వెల దేహం భరింపలేకపోయినది. మనం నేర్చుకొనవలసినది ఆయన చేతి ఓర్పు. తప్పిన లెక్క అయినా, చెడిన సైకిలు అయినా, చేరనిదానిని బలవంతాన చేర్పక, వెనుకకు తీసి, అడ్డమేదో చూచి, మరల మొదలుపెట్టవలె.