పాలు, పట్టు, ద్రాక్ష: మూడింటినీ కాపాడిన లూయీ పాశ్చర్

బేతమంగళ చుట్టుపక్కల పల్లెల్లో తెల్లారకముందే పాలక్యాన్లు డెయిరీ వైపు నడుస్తాయి. మధ్యాహ్నానికి మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులకు వేస్తారు. కోలారు జిల్లాను బంగారం, పాలు, పట్టు అని మూడు మాటల్లో చెప్పుకోవడం మనకు అలవాటు. గనులు 2001లో మూతపడ్డాయి. పాలు, పట్టు మాత్రం ఇంకా మన ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి. 2007 వరకూ మన జిల్లాలోనే ఉన్న చిక్కబళ్లాపురం వైపు బెంగళూరు బ్లూ ద్రాక్షతోటలు ఉన్నాయి. ఆ నల్లద్రాక్షతో రెడ్ వైన్ కూడా చేస్తారు. అదే 2007లో కర్ణాటక ప్రభుత్వం వైన్ తయారీకి ప్రత్యేక విధానం తెచ్చాక కుటుంబాలు నడిపే చిన్న వైనరీల మాట మన చెవిన కూడా పడుతోంది.

పాలకూ, పట్టుకూ, ద్రాక్షకూ మేలు చేసిన మనిషి ఒక్కడే. ఆయన పేరు లూయీ పాశ్చర్. మన దేశంలో ఆయన ఎన్నడూ అడుగు పెట్టలేదు. అయినా మన ఇంటి వాకిట్లోకి రోజూ వచ్చి పోతుంటాడు.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్స్ తూర్పున జురా కొండల సీమలో, దోల్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి తోళ్లు ఊనే వృత్తి చేసుకునేవాడు. లూయీ చిన్నతనంలోనే కుటుంబం ఆర్బువా అనే ఊరికి చేరింది. ఇంటి పక్కనే ఏరు, ఇంట్లోనే తోళ్ల తొట్లు, ఊరి చుట్టూ వాలు నేలల మీద ద్రాక్షతోటలు. ఆర్బువాలో చాలా ఇళ్లకు తోట చెంతనే ఉంటుంది, ఇంటి కింద నేలమాళిగలో వైన్ పీపాలు ఉంటాయి. తాతల నాటి పద్ధతిలో ద్రాక్ష తొక్కి పులియబెట్టి దాచుకుంటారు. పీపా చెడిందంటే ఆ ఏడాది కష్టం చెడినట్టే.

చదువులో మొదట్లో ఆయన మామూలు కుర్రాడే. బొమ్మలు మాత్రం చక్కగా వేసేవాడు. పదిహేనేళ్లప్పుడు పైచదువుకని పారిస్ పంపిస్తే ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడు. తండ్రే వెళ్లి వెనక్కి తీసుకొచ్చాడు. తర్వాత మళ్లీ పట్టుదలగా చదివి, 1842లో పేరుపొందిన ఎకోల్ నార్మల్ ప్రవేశపరీక్ష నెగ్గాడు. అయితే వచ్చిన ర్యాంకు తనకే నచ్చలేదు. సీటు వదులుకుని మరుసటేడు మళ్లీ రాసి నాలుగో స్థానంలో చేరాడు.

శాస్త్రవేత్తగా ఆయన తొలి విజయానికి కూడా మూలం వైన్ పీపాయే. వైన్ నిలవ ఉన్న పీపాల గోడలకు గట్టి పొర కడుతుంది. దాని నుంచి వచ్చేదే టార్టారిక్ ఆమ్లం. దానితో పాటు అలాంటిదే మరో ఆమ్లం దొరికేది. రెండింటిలో ఉన్నది ఒకే సరుకు, కాంతి విషయంలో మాత్రం తీరు వేరు. 1848లో పాశ్చర్ ఆ రెండో ఆమ్లపు లవణం స్ఫటికాలను మైక్రోస్కోపు కింద చూసి, అవి కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా రెండు రకాలుగా ఉన్నాయని గుర్తించాడు. ఓపికగా ఒక్కొక్కటి ఏరి వేరు చేశాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లే.

ఆ మరుసటేడు మారీ లారాంతో పెళ్లయింది. ఆమె ఇల్లు నడపడంతో ఆగలేదు. రాత్రిళ్లు ఆయన చెబుతుంటే రాసిపెట్టేది, ప్రయోగాల్లో సాయం చేసేది. 1854లో లీల్ నగరంలో ఉద్యోగంలో చేరాక అక్కడి బీట్‌రూట్ సారా తయారీదారు ఒకాయన తన తొట్లు ఎందుకు చెడుతున్నాయో చూడమని అడిగాడు. పులియడం అంటే ఉత్త రసాయన మార్పేనని అప్పటి పెద్ద పెద్ద పండితులు అనుకునేవారు. కంటికి కనబడని జీవులు చేసే పని అది అని పాశ్చర్ తేల్చాడు. పాలు పెరుగు కావడానికీ, చక్కెర సారా కావడానికీ వేర్వేరు జీవులు కారణమని 1857 నుంచి వరసగా చూపించాడు.

1860లో ఇంగ్లండుతో వర్తక ఒప్పందం కుదిరి ఫ్రెంచి వైన్‌కు కొత్త గిరాకీ వచ్చింది. కానీ సరుకు దారిలోనే పుల్లబడుతోంది, చేదెక్కుతోంది, జిగట పడుతోంది. పేరున్న రెడ్ వైన్లకూ ఈ బాధ తప్పలేదు. 1863లో చక్రవర్తి మూడో నెపోలియన్ దీని సంగతి చూడమని పాశ్చర్‌ను కోరాడు. ఆయన పరిశోధనకు ఎన్నుకున్నది తన ఊరు ఆర్బువానే. ఊరి పెద్దలు ఖర్చు భరిస్తామన్నా మొహమాటం లేకుండా వద్దన్నాడు. ఒకప్పుడు కాఫీ హోటల్‌గా ఉన్న గదిని ప్రయోగశాల చేసుకున్నాడు. సామాను ఊరి వడ్రంగి, కమ్మరి చేసి ఇచ్చారు. పాత బోర్డు చూసి తాగడానికి ఏమైనా దొరుకుతుందని లోపలికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారట.

చిన్ననాటి స్నేహితుల నేలమాళిగల నుంచి మంచి వైన్, చెడిన వైన్ తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఒక్కో రకం చెడుకు ఒక్కో రకం సూక్ష్మజీవి కనబడింది. మందులు కలిపి చూస్తే పని జరగలేదు. చివరకు గాలి తగలకుండా 50 నుంచి 60 డిగ్రీల దాకా కాసేపు వేడి చేస్తే చాలని తేలింది. మరిగించనక్కర్లేదు, రుచీ పోదు. సీసాలో పెట్టి వేడి చేసి ఆహారం నిలవ ఉంచే విద్య ఆయన కంటే ముందే నికొలా అప్పేర్ చూపించాడు. అది ఎందుకు పనిచేస్తుందో, ఎంత వేడి చాలో చెప్పినవాడు పాశ్చర్. 1865లో పేటెంటు తీసుకున్నాడు. ఇంకొకరు దాన్ని సొంతం చేసుకుని జనం దగ్గర డబ్బు లాగకూడదనే ఆ పని చేసి, పద్ధతిని అందరికీ వదిలేశాడు. నౌకాదళం ఓడల్లో వేడి చేసిన పీపాలూ, చేయని పీపాలూ పంపి చూస్తే వేడి చేసినవి చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి.

ఆ కాలంలోనే పట్టు రైతుల గోడు ఆయన దగ్గరికి వచ్చింది. ఫ్రాన్స్‌లో 1853లో 2.6 కోట్ల కిలోలు వచ్చిన పట్టుగూళ్లు 1865 నాటికి 40 లక్షల కిలోలకు పడిపోయాయి. పురుగుల ఒంటి మీద మిరియపు పొడి చల్లినట్టు మచ్చలు వచ్చేవి. ఆ జబ్బే పెబ్రిన్. మూడు వేల మందికి పైగా సంతకాలు పెట్టి ప్రభుత్వానికి మొర పెట్టుకున్నారు. గురువు ద్యుమా మాట కాదనలేక, పట్టుపురుగును ఎన్నడూ ముట్టుకోని పాశ్చర్ దక్షిణాన ఉన్న అలెస్‌కు బయలుదేరాడు.

దారిలో అవిన్యోలో కీటకాల పండితుడు ఫాబ్ర్ ఇంటికి వెళ్లాడు. ఫాబ్ర్ పట్టుగూడు చేతికిస్తే చెవి దగ్గర ఊపి, లోపల ఏదో ఉందే అని ఆశ్చర్యపోయాడు. ప్యూపా సంగతి కూడా అప్పటికి ఆయనకు తెలియదు. తర్వాత ఆయన వైన్ నిలవ చేసుకునే నేలమాళిగ చూపించమన్నాడు. పేద పంతులైన ఫాబ్ర్‌కు నేలమాళిగ ఎక్కడిది? వంటింట్లో విరిగిన కుర్చీ మీద ఉన్న ఒక పెద్ద సీసాను చూపించాడట. ఈ సంగతిని ఫాబ్రే తర్వాత నవ్వుకుంటూ రాసుకున్నాడు.

అలెస్ చేరిన కొద్ది రోజులకే తండ్రి ఆరోగ్యం విషమించిందని కబురొచ్చింది. వెళ్లేసరికి ఆయన లేడు. అదే ఏడాది రెండేళ్ల కూతురు కమీల్, మరుసటేడు పన్నెండేళ్ల సెసిల్ పోయారు. పెద్ద కూతురు జాన్ 1859లోనే టైఫాయిడ్‌తో పోయింది. అయిదుగురు పిల్లల్లో ఇద్దరే మిగిలారు. 1868 అక్టోబరులో పక్షవాతం వచ్చి ఎడమ భాగం పడిపోయింది. అప్పటికి నలభై అయిదేళ్లు. వారం తిరగకముందే మంచం మీద నుంచే పట్టుపురుగుల మీద వ్యాసం చెప్పి రాయించాడు. కొన్ని నెలల తర్వాత కర్ర ఊతంతో మళ్లీ దక్షిణానికి వెళ్లాడు.

ఆయన చెప్పిన ఉపాయం రైతు చేయగలిగినది. గుడ్లు పెట్టే ఒక్కో తల్లిపురుగును విడివిడిగా ఉంచాలి. గుడ్లు పెట్టాక దాన్ని నీళ్లతో నూరి మైక్రోస్కోపు కింద చూడాలి. జబ్బు గింజలు కనిపిస్తే ఆ గుడ్లు కాల్చేయాలి, లేకపోతే ఉంచుకోవాలి. మన గుడ్ల కేంద్రాల్లో ఈ రోజుకీ తల్లిపురుగును పరీక్షించేది ఈ పద్ధతి మీదే. చంద్రికలో గూడు నిండుగా కట్టిందంటే దాని వెనక అలెస్‌లో పడిన ఆ పాట్లు ఉన్నాయి.

1878లో ఆయన మళ్లీ ద్రాక్ష దగ్గరికి వచ్చాడు. పులియబెట్టే జీవులు బయటి నుంచి రావని కొందరు వాదించారు. ఆర్బువా దగ్గర రోజియేర్‌లో పాశ్చర్‌కు చిన్న ద్రాక్షతోట ఉంది. కాయలు పచ్చిగా ఉన్నప్పుడే కొన్ని తీగల మీద అద్దాల పందిళ్లు కట్టించి, గుత్తులకు శుద్ధి చేసిన దూది చుట్టాడు. పండాక నలిపితే ఆ రసం పులియలేదు. ఆరుబయట పండిన ద్రాక్ష మాత్రం యథాప్రకారం పులిసింది. ఈస్టు పండు లోపల పుట్టదు, పై నుంచి తొక్క మీదికి చేరుతుంది. ఆ తోట నేటికీ ఉంది.

తర్వాతి కథ లోకానికి తెలిసిందే. 1881లో గొర్రెలకు దొమ్మ రోగపు టీకా వేసి అందరి ముందూ నిరూపించాడు. 1885 జులై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా మొదలుపెట్టాడు. పిల్లవాడు బతికాడు. జనం చందాలతో 1888లో పారిస్‌లో పాశ్చర్ సంస్థ తెరిచారు. 1895 సెప్టెంబరు 28న ఆయన కన్నుమూశాడు. ఆ సంస్థలోనే సమాధి.

ఆయనలో లోపాలు లేకపోలేదు. తోటివారి పాలు తక్కువ చేసి చెప్పేవాడు. 1881లో వాడిన టీకా ఎలా తయారైందో ఉన్నదున్నట్టు బయటపెట్టలేదని ఆయన నోటు పుస్తకాలు చదివిన చరిత్రకారులు తర్వాత తేల్చారు. అది దాచనక్కర్లేదు. చేసిన మేలు దానివల్ల చిన్నదైపోదు.

1907లో కూనూరులో పాశ్చర్ పేరిట సంస్థ వెలిసింది. దక్షిణాదిన కుక్కకాటుకు గురైనవారు మందు కోసం అక్కడికి ప్రయాణం కట్టేవారు. ఇప్పుడు ఆ టీకా మారింది, ప్రభుత్వ ఆసుపత్రిలోనే దొరుకుతోంది. మంచి రెడ్ వైన్‌ను ఈ రోజుల్లో వేడి చేయడం తక్కువ, శుభ్రమైన తొట్లూ వడపోతా వచ్చాయి. ఆ శుభ్రత ఎందుకో నేర్పింది ఆయనే. వైన్ కోసం కనిపెట్టిన ఆ వేడి పద్ధతి చివరకు పాలకే ఎక్కువగా పనికొచ్చింది. డెయిరీలో పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి చల్లార్చడాన్ని ఆయన పేరుతోనే పాశ్చరైజేషన్ అంటాం.

రేపు తెల్లవారి పాల ప్యాకెట్ మీద ఆ మాట కనబడితే, తోళ్లు ఊనే ఇంట పుట్టి, ముగ్గురు బిడ్డలను పోగొట్టుకుని, పడిపోయిన చేతితోనే పని సాగించిన మనిషిని ఒకసారి తలుచుకుందాం. మన పిల్లలకూ ఆయన కథ చెబుదాం.