మన ఘంటసాల మాస్టారు



మన పిస్కాటవేను ఆనుకొనే ఎడిసన్ ఉంది. అక్కడి మెన్లోపార్కులో 1877లో థామస్ ఎడిసన్ మహాశయుడు మనిషి గొంతును పట్టి ఉంచి, మళ్ళీ వినిపించే యంత్రాన్ని తయారు చేశాడు. 1954లో ఆ ఊరు ఆయన పేరే పెట్టుకొంది. ఇదే రాష్ట్రంలో దక్షిణాన ఉన్న కేమ్‌డెన్ పట్టణంలో 1901లో విక్టర్ కంపెనీ వెలిసింది. గ్రామఫోన్ బూర ముందు కూర్చొని చెవి ఒగ్గి వింటున్న కుక్క బొమ్మ ఆ కంపెనీ గుర్తు. మన దేశంలో హెచ్.ఎం.వి. ప్లేట్ల మీద ఉండేదీ ఆ కుక్క బొమ్మే. కలకత్తా దగ్గర డమ్‌డమ్ కార్ఖానాలో అచ్చయి, రైలెక్కి బెజవాడకూ రాజమండ్రికీ చేరి, అక్కడి నుండి పల్లెల్లోని మోతుబరుల ఇళ్ళకూ కాఫీ హోటళ్ళకూ ఆ ప్లేట్లు వెళ్ళేవి. మనలో ఎవరమూ న్యూజెర్సీలో కాలు పెట్టకముందే ఈ నేలకూ మన తెలుగు ఇళ్ళకూ ఇలా ఒక చుట్టరికం కలిసింది.

మా తాతగారు గోదావరి ఒడ్డు విడిచి ఓడ ఎక్కినవారు. మా ఇంట మూడు తరాలుగా బడిపంతులు పనే. పాఠాలు చెప్పిందీ, పరీక్షలు పెట్టిందీ అంతా పరాయి భాషలోనే. తెలుగు అక్షరాలను మేము నేర్చుకొన్నది అరవై దగ్గర పడ్డాక, సాయంకాలపు తరగతిలో. అయితే అక్షరాలు రాకముందే తెలుగు మాట మా చెవిలో పడింది. మా తండ్రిగారు బట్టల మధ్య చుట్టి దాచుకొన్న నాలుగైదు ప్లేట్లే దానికి కారణం. వాటి మీద ఉన్న పేరు ఘంటసాల. సినిమా లోకం ఆయనను మాస్టారు అని పిలిచేది. మాకు మాత్రం ఆయన నిజంగానే మాస్టారు. అందుకే వారి జీవితాన్ని మన పిల్లల కోసం నాలుగు మాటల్లో చెప్పాలని ఈ ప్రయత్నం.

ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో జన్మించారు. తల్లి రత్తమ్మ గారు. తండ్రి సూర్యనారాయణ గారు పాడేవారు, మృదంగం వాయించేవారు. నారాయణతీర్థుల తరంగాలు పాడుకొంటూ భజనలకు వెళ్ళేటప్పుడు కొడుకును భుజాల మీద ఎక్కించుకొని తీసుకువెళ్ళేవారు. తండ్రి పాడుతుంటే ఆ పసివాడు నాట్యం చేసేవాడు. ఆ వైభవం ఎంతోకాలం నిలువలేదు. పిల్లవాడికి పన్నెండేళ్ళు నిండకముందే తండ్రి కన్నుమూశారు. కొడుకు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నదే ఆయన చివరి కోరిక. అటుపైన మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారు ఆ కుటుంబాన్ని ఆదరించారు.

సంగీతం నేర్చుకోవాలంటే ఆ రోజుల్లో గురువు ఇంట పడి ఉండాలి. విద్వాంసుల ఇళ్ళలో ఇంటిపనులు చేస్తూ ఈ బాలుడు రెండేళ్ళు గడిపాడు. పని జరిగింది గాని విద్య అంతగా అబ్బలేదు. చివరకు చేతి ఉంగరం అమ్మి, ఆ డబ్బుతో ఇంట చెప్పకుండా విజయనగరం బయలుదేరాడు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల ఉంది. తీరా చేరేసరికి వేసవి సెలవులు! కళాశాల అధ్యక్షులు, వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామి నాయుడు గారు దయతలచి ఉండడానికి చోటు చూపించారు. తోటివారు చేసిన తప్పు వల్ల ఆ చోటూ కొన్నాళ్ళకు పోయింది.

ఆ దశలో ఆయనను చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. శాస్త్రిగారు కలిగినవారు కారు. ఇంట్లో ఉన్నదే తక్కువ, అయినా విద్యకు లోటు చేయలేదు. అన్నం కోసం శిష్యుడు జోలె పట్టాడు. ఇంటింటికీ వెళ్ళి అడిగి తెచ్చుకొనే ఆ అన్నాన్ని మాధుకరం అంటారు. విజయనగరంలో ఆయనకు తొలి మాధుకరం పెట్టిన చేయి కళావర్ రింగ్ అని పేరుపొందిన నర్తకి సరిదె లక్ష్మీనరసమ్మ గారిది. లోకం చిన్నచూపు చూసిన ఇంటి నుండి ఆ ముద్ద వచ్చింది. ఈ సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి. ఆకలితో చదువుకొన్న ఆ రోజులను ఘంటసాల గారు పెద్దవారైన తరువాత కూడా దాచుకోలేదు.

చదువు పూర్తయి ఊరికి వచ్చాక కచేరీలు చేస్తూ, సంగీతం చెబుతూ ఉండగా 1942 వచ్చింది. క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి, ఏడాదిన్నర పాటు బళ్ళారి అలీపురం జైలులో ఉన్నారు. విడుదలై వచ్చాక 1944 మార్చిలో సావిత్రి గారిని పెళ్ళాడారు. అత్తవారి ఊరు పెదపులివర్రు. సినీకవి సముద్రాల రాఘవాచార్యుల గారిదీ ఆ ఊరే. ఈ గొంతు మద్రాసులో ఉండవలసినదని సముద్రాల వారికి తోచింది. వారి మాట పట్టుకొనే ఘంటసాల గారు మద్రాసు చేరారు. వారి ఇల్లు చిన్నది. భారం కాకూడదని రాత్రిళ్ళు పానగల్ పార్కులో పడుకొన్న రోజులున్నాయి.

ఇక్కడ ప్లేట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈనాటి పిల్లలకు పాట అంటే గాలిలోంచి వచ్చి ఎంతసేపైనా సాగేది. ఆనాటి ప్లేటు పది అంగుళాల నల్లని పళ్ళెం. మన దేశపు లక్కతో చేసినది. కింద పడితే పెంకులాగా పగిలేది. నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు పలికేది. గాయకుడు ఏం చెప్పదలచినా ఆ మూడు నిమిషాలలోనే చెప్పాలి.

ఘంటసాల గారికి ముందే మన ప్లేట్ల మీద మంచి గొంతులు ఉన్నాయి. రంగస్థలం నుండి కపిలవాయి రామనాథశాస్త్రి గారు, హరిశ్చంద్ర పద్యాల డి.వి. సుబ్బారావు గారు. లలిత గీతాలలో ఆర్. బాలసరస్వతీదేవి గారు, ఎస్. రాజేశ్వరరావు గారు. 1944 నాటి తహసీల్దార్ చిత్రంలో తెరవెనుక పాడి తెలుగులో తొలి నేపథ్యగాయకుడైన ఎం.ఎస్. రామారావు గారు. ఈ పేర్లలో ఎన్ని మన పిల్లలకు తెలుసు? పగిలిన ప్లేట్లతోపాటు పేర్లూ పోతున్నాయి.

అటువంటి వరుసలోకి రావడం ఘంటసాల గారికి సులభం కాలేదు. రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు లలిత గీతాలు పాడించారు. గ్రామఫోన్ కంపెనీవారు మాత్రం మొదట ఆ కంఠం రికార్డుకు కుదరదని తిప్పి పంపారని ఆనాటివారు చెప్పుకొనేవారు. తరువాత అదే కంపెనీలో ఉన్న పేకేటి శివరాం గారు ఆయన చేత పాడించి ప్లేటు తెచ్చారు. తరువాత సినిమా నటుడిగా పేరు తెచ్చుకొన్న పేకేటి గారే వీరు. ఆ ఒక్కరి చెవి సరిగ్గా విని ఉండకపోతే మన ఇళ్ళలో ఈ గొంతు ఎంత ఆలస్యంగా వినిపించేదో!

ఆ ప్లేట్ల మీద ఘంటసాల గారు చేసిన పెద్ద పని పద్యానికి చేసినది. నాటకాలలో పద్యం అంటే రాగం. పద్యం అయిన తరువాత నటుడు ఆలాపన అందుకొని, జనం మళ్ళీ పాడమని అరిచేదాకా సాగదీసేవాడు. కథ నిలిచిపోయేది, మాట మరుగున పడేది. మూడు నిమిషాల ప్లేటులో దానికి చోటు లేదు. ఘంటసాల గారు రాగాన్ని మాటకు లోబరిచారు. ఎక్కడ విరవాలో అక్కడే విరిచారు. దుఃఖమైతే గొంతు దుఃఖపడింది, కోపమైతే గొంతు బిగిసింది. ప్రతి అక్షరమూ విడిగా, తేటగా వినబడింది.

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం, కుంతీకుమారి ఇలాగే ఇంటింటికీ చేరాయి. పూజకు కోయవచ్చిన మనిషితో పూలు తమ బాధ చెప్పుకోవడం పుష్పవిలాపం కథ. కన్నబిడ్డను నీటికి వదలవలసి వచ్చిన కన్య కథ కుంతీకుమారి. గురజాడ వారి పూర్ణమ్మ కథనూ ఆయన పాడారు. ముసలివాడికి కట్టబెట్టిన పసిపిల్ల కథ అది. చదువు రాని ఇల్లాళ్ళు సైతం ఆ ప్లేట్లు విని కన్నీరు పెట్టుకొనేవారు. మా నాయనమ్మగారు వారిలో ఒకరు. ఆమెకు ఓనమాలు రావు, పద్యాలు మాత్రం వచ్చు.

మేము సాయంకాలపు తరగతికి వెళ్ళిన మొదటి నెలలో ళకారం, ణకారం పలకలేక తలవంచుకొన్నాం. ఇంటికి వచ్చి పుస్తకంలో పద్యం తెరిచి, పక్కన ఘంటసాల గారి పాట పెట్టుకొని, వేలితో అక్షరాలు గుర్తుపడుతూ విన్నాం. ఒత్తు ఎక్కడ పడుతుందో, పదం ఎక్కడ విరుగుతుందో ఆ గొంతు చూపించింది. మేము ఎందరో పిల్లలకు చదవడం నేర్పాం. ఇంత ఓపిక గల పంతులును మాత్రం మేము చూడలేదు. ఎన్నిసార్లు అడిగినా అంతే ప్రేమతో మళ్ళీ చెబుతాడు.

సినిమాల చరిత్ర మీకు తెలిసినదే గనుక క్లుప్తంగా చెబుతాం. 1944లో సీతారామజననంలో బృందంలో పాడారు. 1945లో స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాడినందుకు ముట్టినది 116 రూపాయలు. 1949లో మనదేశం, కీలుగుర్రం చిత్రాలకు సంగీతం కూర్చారు. 1951లో పాతాళభైరవితో ఆ పాటలు ఊరూరా మోగాయి. 1953 దేవదాసు, 1957 మాయాబజార్, 1959 జయభేరి, 1962 గుండమ్మ కథ, 1963 లవకుశ. ఒకదానిలో తాగి కుమిలే ప్రేమికుడు, మరొకదానిలో రాజసభలో పాడే విద్వాంసుడు, ఇంకొకదానిలో చిలిపి పెళ్ళికొడుకు. గొంతు ఒకటే, మనుషులు వేరు.

నిర్మాతగా మాత్రం అదృష్టం కలిసిరాలేదు. పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ అని 1953కూ 1960కూ మధ్య మూడు చిత్రాలు తీశారు. వాటితో పాటలు మిగిలాయి గాని డబ్బు మిగలలేదు. అయినా ఆయన ఇంటి తలుపు ఎవరికీ మూసుకోలేదు. హిందూస్థానీ సంగీత చక్రవర్తి బడే గులాం అలీ ఖాన్ గారు మద్రాసు వచ్చినప్పుడు ఆయన ఇంట విడిది చేశారు. విజయనగరంలో విద్య పెట్టిన గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు గారు ఏళ్ళ తరబడి ఆయన పక్కన హార్మోనియం వాయిస్తూ, సంగీతంలో సహాయకులుగా నిలిచారు. గురువు ఇంటి రుణాన్ని అలా తన ఇంట చేర్చుకొన్నారు.

1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన గాయకుడిగా గౌరవించింది. 1971లో ఆయన ఐరోపా దేశాలలోనూ అమెరికాలోనూ కచేరీలు చేశారు. న్యూయార్కులో ఐక్యరాజ్య సమితిలోనూ ఆ గానం వినిపించింది. అప్పటికి ఈ దేశంలో తెలుగువారు కొద్దిమంది. 1965 చట్టం తరువాత వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు, విద్యార్థులు. తానా మొదటి మహాసభ న్యూయార్కులో జరిగింది 1977లో. అంటే మన పెద్ద సంఘాలు పుట్టకముందే మాస్టారు ఈ గడ్డ మీదికి వచ్చి వెళ్ళారు. ఊరి మీద బెంగ పెట్టుకొన్నవారికి ఆ సాయంత్రాలు ఎలా ఉండేవో మనం ఊహించుకోవచ్చు.

చక్కెర వ్యాధి, గుండె జబ్బు ఆయనను క్రుంగదీశాయి. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగానే గుండెనొప్పి వచ్చింది. ఆ జబ్బుతోనే భగవద్గీత రికార్డు చేశారు. గీతలోని శ్లోకాలలో నూరుకు పైగా ఏరి, ఒక్కొక్కటీ పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పారు. సంస్కృతం రాని సామాన్యుడికి అర్థం కావాలని ఆ పని. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన కన్నుమూశారు. వయసు యాభై ఒకటి. గీత ప్లేటు బయటికి వచ్చేనాటికి పాడినవారు లేరు. 2003లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

ఒక్క బాధ చెప్పి ముగిస్తాం. తెలుగునాట ఆ భగవద్గీతను ఎవరైనా పోయిన ఇంట పెట్టడం ఆనవాయితీ అయింది. వీధిలో అది వినబడితే ఎవరి ఇంట కష్టం వచ్చిందోనని జనం ఉలిక్కిపడతారు. బ్రతికి ఉన్నవారికి అర్థం కావాలని కొన ఊపిరితో పాడిన పాటకు ఇదీ గతి! మనం కూడా మన భాషను అలాగే చేస్తున్నామేమో ఆలోచించండి. పెద్దలు పోయిన రోజున, సంవత్సరానికి ఒక పండుగ రోజున బయటికి తీసి, తరువాత పెట్టెలో పెట్టేస్తున్నాం.

మా తండ్రిగారి ప్లేట్లలో ఇప్పుడు రెండే మిగిలాయి, ఒకదానికి అంచు విరిగింది. వాటిని తిప్పే పెట్టె కూడా మా దగ్గర లేదు. కాని ఆ పద్యాలు ఈనాడు ప్రతి చేతిలోని ఫోనులోనూ ఉన్నాయి. పండుగ నుండి ఇంటికి వెళ్ళాక, ఏ కష్టమూ లేని ఒక మామూలు సాయంత్రం, అన్నాల వేళ, పుష్పవిలాపం పెట్టండి. పిల్లలు అర్థం అడిగితే చెప్పండి. మీకూ తెలియకపోతే వారితోపాటు వెతకండి. మాస్టారు కొన్ని నిమిషాలే తీసుకొంటారు.

ఆ అమర గాయకుడికి మా జోహార్లు.