శిలలను ప్రశ్నించిన సైనికుడు – కల్నల్ కాలిన్ మెకంజీ

మ్యాప్ రీడింగ్ క్లాసులో కూర్చోని సైనికుడు మనలో ఎవరూ ఉండరు. కానీ 1815లో యావద్భారతానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయిన వ్యక్తికి మన తెలుగు గ్రామాలతో ఎంత అనుబంధం ఉందో తెలిసినవారు తక్కువ. ఇంజనీర్స్‌లో పనిచేసి రిటైరైన నాకు కూడా కాలిన్ మెకంజీ మొదట సర్వేయరుగానే పరిచయం. కైఫీయత్తుల మెకంజీ ఆ తరువాతే తెలిశాడు.

స్కాట్లాండుకు పడమటనున్న లూయిస్ దీవిలో 1754 ప్రాంతంలో పుట్టిన మెకంజీ, 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసు వచ్చి, కొన్నేళ్ళకు ఇంజనీర్స్‌కు మారాడు. 1792, 1799 శ్రీరంగపట్నం యుద్ధాల్లో పాల్గొన్నాడు. టిప్పు పతనం తరువాత మైసూరులో సుమారు 40,000 చదరపు మైళ్ళు సర్వే చేయించాడు. 1811లో జావా దండయాత్రకూ వెళ్ళాడు. కంపెనీ ఈ కొలతలన్నీ చేయించింది పన్నుల కోసం, యుద్ధాల కోసం. అది దాచవలసిన మాట కాదు. కానీ ఈయన గొలుసుతో నేల కొలిచి ఊరుకోలేదు. వెళ్ళిన ప్రతి ఊళ్ళో ఈ గుడి ఎవరు కట్టారు, ఈ మాన్యం ఎవరిచ్చారు, ఈ రాగిరేకు మీ ఇంటికి ఎలా వచ్చింది అని అడిగించాడు. కరణాల దగ్గరున్న కవిలెలు, పెద్దల నోటిమాటలు, శిలాశాసనాలు, నాణాలు – అన్నీ సేకరింపజేశాడు. ఒకరు చెప్పినదానిని మరొక ఆధారంతో పోల్చి చూడడానికే ఇదంతా. అలా ఊరూరా రాయించిన వృత్తాంతాలే కైఫీయత్తులు.

ఇందులో మనవాళ్ళ పాలు చాలా పెద్దది. మెకంజీకి మన భాషలు రావు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కళ్ళూ చెవులూ అయ్యారు. పాత కన్నడ శాసనాల లిపిని చదవడంలో బొర్రయ్య దిట్ట. ఆయన 1803లో చిన్న వయసులోనే కన్నుమూస్తే లక్ష్మయ్య ఆ భారం నెత్తికెత్తుకున్నాడు. మెకంజీ మరణించాక ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చినా, కలకత్తాలోని పెద్దలు ఆయనకు అప్పగించలేదు. పేరు దొరది, చెమట మనవాళ్ళది.

అమరావతి సంగతి చూడండి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త పట్టణం కట్టిస్తున్న రోజుల్లో, దీపాలదిన్నె అని పిలిచే మట్టిదిబ్బను రాళ్ళకూ ఇటుకలకూ తవ్వారు. 1798 ప్రాంతంలో మెకంజీ వెళ్ళి చూశాడు. అది జైనులదై ఉంటుందనుకున్నాడు. అది బౌద్ధస్తూపమని తరువాతి పండితులు తేల్చారు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు కోసం తవ్వేశారు. చాలా శిల్పాలు అప్పటికే మెట్లకూ కట్టడాలకూ పోయాయి. మిగిలినవాటికి తన చిత్రకారులచేత ఎనభైకి పైగా బొమ్మలు గీయించాడు. ఆ శిల్పాల్లో కొన్ని తరువాత మాయమయ్యాయి. వాటికి ఇవాళ ఉన్న సాక్ష్యం ఆ బొమ్మలే. పేరు విషయంలో పొరబడ్డా, చూసింది చూసినట్టు గీయించాడు కాబట్టే తరువాతివాళ్ళు ఆ తప్పు దిద్దగలిగారు.

1821 మే 8న ఆయన కలకత్తా సమీపంలో మరణించాడు. 1,568 వ్రాతప్రతులు, 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణాలు మిగిల్చి వెళ్ళాడు. ఆయన భార్య దగ్గర కంపెనీ వాటిని లక్ష రూపాయలకు కొన్నది. తరువాత మన బ్రౌన్ దొర తెలుగు వృత్తాంతాలు ఎన్నింటికో మళ్ళీ నకళ్ళు రాయించాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా వైపు ఏ పాత ఇంట్లో కత్తి ఉన్నా అది 1757 నాటి బొబ్బిలి యుద్ధంలోదే అంటారు! మన ఇళ్ళల్లో తాతల పతకాలు, పే బుక్కులు, ఫోటోలు ఉన్నాయి. వాటి కథలు కూడా అలాగే పెరుగుతున్నాయి, లేదా పెద్దవాళ్ళతోబాటు పోతున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చదవండి. డిశ్చార్జి కాగితంతో సరిచూడండి. ఇంట్లో పెద్దవారు చెప్పేది వేరుగా రాయండి, కాగితం చెప్పేది వేరుగా రాయండి. రెండూ కలవకపోతే రెండింటినీ ఉంచండి, తేదీ వేయండి. మన మనవలకు పతకంతోబాటు దాని కైఫీయత్తు కూడా అందాలి.