కొయ్యపనివారి బిడ్డ హంఫ్రీ డేవీ

తమ్ముళ్లూ! వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమనగానే మాకు గుర్తొచ్చిన పేరు హంఫ్రీ డేవీ. బాటసింగారం నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లే బస్సులో నిలబడి ఆవర్తన పట్టిక మొదటి గ్రూపును బట్టీపట్టిన మేము, ఆ లోహాలను మొదట వెలికితీసింది ఎవరో పీజీకి వచ్చాకే తెలుసుకున్నాం.

డేవీ 1778 డిసెంబర్ 17న ఇంగ్లండ్‌లోని పెంజాన్స్‌లో జన్మించారు. తండ్రి కొయ్య చెక్కే పనివారు. 1794లో అప్పులు మిగిల్చి తండ్రి కన్నుమూశారు. ఐదుగురు సంతానంలో పెద్దవాడైన డేవీ మరుసటి ఏడాది ఒక వైద్యుని దగ్గర మందులు కలిపే పని నేర్చుకోవడానికి చేరారు. కాలేజీ చదువు లేదు. రసాయనశాస్త్రం పుస్తకాలు చదివి సొంతంగా నేర్చుకున్నారు. 1801లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో అడుగుపెట్టారు.

కట్టెల బూడిద నుంచి వచ్చే పొటాష్‌ను అప్పటికి ఎవరూ విడగొట్టలేకపోయారు. నీళ్లలో కరిగించి కరెంటు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే వచ్చేవి. డేవీ నీళ్లు మానేసి, కొద్దిగా తేమ తగిలిన పొటాష్ గడ్డలోకే కరెంటు పంపారు. 1807 అక్టోబర్‌లో పాదరసంలా మెరిసే చిన్న గుండ్లు వచ్చాయి. కొన్ని భగ్గుమన్నాయి. అదే పొటాషియం. కొద్ది రోజులకే కాస్టిక్ సోడా నుంచి సోడియం తీశారు.

రెండూ అన్నదమ్ముల్లాంటివి. కత్తితో కోయవచ్చు, నీటిపై తేలుతాయి, నీటితో కలిసి హైడ్రోజన్‌ను వదిలి క్షారాన్ని ఇస్తాయి. అందుకే కిరోసిన్‌లో దాస్తాం. తరువాత లిథియం, రుబీడియం, సీసియం ఇదే కుటుంబంలో చేరాయి. కారణం ఒక్కటే: అన్నింటికీ చివరి కక్ష్యలో ఒకే ఎలక్ట్రాన్. గ్రూపులో కిందికి పోయేకొద్దీ అది కేంద్రకానికి దూరమై తేలికగా పోతుంది, చర్య తీవ్రమవుతుంది. ఎలక్ట్రాన్ సంగతి 1897లో గానీ తెలియలేదు. డేవీ తన కళ్లతో చూసిన పోలికలను బట్టే వాటిని లోహాలని గుర్తించారు.

1815లో గని కార్మికుల కోసం రక్షణ దీపం చేసి, పేటెంట్ తీసుకోలేదు. 1820లో రాయల్ సొసైటీ అధ్యక్షులయ్యారు. 1829 మే 29న జెనీవాలో మరణించారు.

ఒక్క మచ్చ మాత్రం దాచకుండా చెప్పాలి. కమ్మరి కొడుకు మైకేల్ ఫారడేను 1813లో సహాయకునిగా చేర్చుకున్నది డేవీయే. 1824లో అదే ఫారడేకు రాయల్ సొసైటీ సభ్యత్వం ఇవ్వవద్దని వ్యతిరేకించిందీ ఆయనే. అయినా ఫారడే ఎన్నికయ్యారు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. డేవీ నుంచి పట్టుదల నేర్చుకుందాం. పైకెక్కాక, వెనక వచ్చే తమ్ముడికి తలుపు మూయకూడదనీ నేర్చుకుందాం.