కన్నీళ్లు దాచుకోని బాబాసాహెబ్



ఎవరో కొట్టిన దెబ్బ, చేసిన అవమానం ఏళ్లు గడిచినా మీ గుండెలో మెదులుతోందా? నిద్రలో ఉలిక్కిపడుతున్నారా? అది మీ బలహీనత కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితం చూడండి.

1891లో పుట్టిన ఆయనను బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చోబెట్టారు. అమెరికాలో, లండన్‌లో చదువుకుని బరోడా సంస్థానం కొలువుకు వెళ్తే ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు రాయించుకుని ఒక పార్సీ సత్రంలో తలదాచుకున్నారు. 11వ రోజున ఓ డజను మంది కర్రలతో వచ్చి, సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమని బెదిరించారు. తోటలో పొద్దుపుచ్చి, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. ఒంటిమీద దెబ్బ పడలేదు. అయినా 18 ఏళ్ల తర్వాత కూడా అది తలుచుకుంటే కన్నీళ్లు ఆగవని దాచకుండా రాశారు.

ఆ గాయాన్ని ఆయన మరిచిపోలేదు, పగగానూ మార్చుకోలేదు. 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగి హక్కు చాటారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో కలిసి బుద్ధుని శరణు తీసుకున్నారు.

కాబట్టి కొవ్వూరు గోదావరి గట్టున ఒంటరిగా కూర్చుని కుమిలిపోకండి. నమ్మకమున్న మనిషికి చెప్పుకోండి. నిద్ర పట్టకపోతే డాక్టరును కలవండి. దుఃఖం ఉందని గుర్తించడమే మొదటి ఆర్యసత్యం. సిగ్గుపడాల్సింది కొట్టినవాడు, మీరు కాదు.