బానిస బిడ్డ – ఊరి పరిశుద్ధుడు
(సిసిలీ దేశపు బెనెదిక్తుగారి జీవిత చరిత్ర)

మధ్యధరా సముద్రములో, ఇటలీ దేశపు దక్షిణపు కొనకు ఎదురుగా సిసిలీ ద్వీపమున్నది. ఆ ద్వీపపు ఉత్తర తీరమునకు దగ్గరగా నెబ్రోది కొండలమీద, సుమారు 675 మీటర్ల ఎత్తున, సాన్ ఫ్రతెల్లో అను చిన్న ఊరు కలదు. నార్మనుల కాలములో ఉత్తర ఇటలీనుండి వచ్చినవారు అక్కడ స్థిరపడ్డారు. అందుచేత ఆ ఊరివారి మాట నేటికిని ఇరుగు పొరుగు ఊళ్ళ మాటకు వేరుగా ఉంటుంది. ఆ ఊరు గుఱ్ఱములకును, ఊరేగింపులకును పేరు పొందినది. ప్రతి సంవత్సరము మే 10వ తేదీన అల్ఫియో, ఫిలదెల్ఫియో, చిరీనో అను ముగ్గురు హతసాక్షుల పండుగ చేస్తారు. ఆ దినమున రౌతులు గుఱ్ఱములెక్కి ఊరేగింపులో పాల్గొంటారు.

పరిశుద్ధ వారములో మరియొక వింత ఆచారమున్నది. బుధ, గురు, శుక్రవారములలో ఊరి మగవారు పసుపు చారల ఎఱ్ఱని దుస్తులు ధరించి, ముఖములకు ముసుగులు వేసికొని, బాకాలు ఊదుచు, గొలుసులు మ్రోగించుచు వీధులలో పరుగులు తీస్తారు. వారిని యూదులని పిలుస్తారు. క్రీస్తును హింసించినవారి వేషమని భావము. శుభ శుక్రవారమున భక్తితో సాగుచున్న ఊరేగింపునకు వారు తమ గోలతో అడ్డుపడతారు. ఒక జాతినంతటిని ఈ విధముగా దోషులుగా చూపుట తగదని నేటి సంఘము ఎరుగును. క్రీస్తు మరణమును యూదులందరిమీద మోపరాదని 1965లో రెండవ వాటికను మహాసభ స్పష్టముగా ప్రకటించినది. వేషము వేయువారికి అది పండుగ సంబరమే కావచ్చును. అయినను ఒక మనిషిని అతని జాతినిబట్టియు, రంగునుబట్టియు వెక్కిరించుట ఎంత సులభమో ఆ ఊరిలోనే పుట్టిన ఒక పరిశుద్ధుని జీవితము మనకు చెప్పుచున్నది. ఆయనే బెనెదిక్తుగారు.

బెనెదిక్తుగారు సుమారు 1524వ సంవత్సరములో జన్మించారు. తండ్రి పేరు క్రిస్తోఫరో, తల్లి పేరు దియానా. వారు ఆఫ్రికానుండి తేబడిన బానిసల జాతివారు. ఆ కాలమున సిసిలీలోని ధనవంతుల ఇండ్లలోను, పొలములలోను బానిసలుండుట సామాన్య విషయము. బిడ్డలు పుడితే వారును బానిసలే అగుదురని ఆ దంపతులు సంతానమే వద్దనుకొన్నారనియు, అది తెలిసి యజమానుడు మొదటి బిడ్డకు స్వాతంత్ర్యమిచ్చుటకు ఒప్పుకొన్నాడనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆ విధముగా ఆ బిడ్డ స్వతంత్రుడై పెరిగినాడు. గాని స్వతంత్రుడైనంత మాత్రమున ఊరు గౌరవించలేదు. చదువు లేదు, ఆస్తి లేదు. చిన్నతనమున గొఱ్ఱెలు కాచి, పెద్దవాడైన తరువాత కూడబెట్టిన కొద్ది సొమ్ముతో ఎద్దులు కొని పొలము పని చేసికొన్నారు.

ఆయనకు సుమారు ఇరువది యేండ్లప్పుడు, పొలములో తోటి పనివారు ఆయన రంగునుగూర్చియు, తలిదండ్రుల బానిసత్వమునుగూర్చియు హేళన చేయుచుండగా జెరోలమో లాంజా అను సన్యాసి ఆ త్రోవను వచ్చినాడట. లాంజా గొప్ప కుటుంబమున పుట్టి, సర్వము విడిచి, కొద్దిమంది సహోదరులతో కొండలలో ప్రార్థనా జీవితము గడుపుచున్నవాడు. మాటకు మాట చెప్పక సహించిన ఆ యువకుని ఓర్పు చూచి, తమతో రమ్మని పిలిచినాడు. బెనెదిక్తుగారు ఎద్దులను అమ్మి, ఆ డబ్బు బీదలకిచ్చి, ఆయన వెంట వెళ్ళిపోయారు.

ఆ సన్యాసులు పలుచోట్లకు మారి, చివరకు పలెర్మో నగరమును ఆనుకొని సముద్రము ప్రక్కనున్న పెల్లెగ్రీనో కొండను చేరారు. లాంజా మరణించిన తరువాత సహోదరులు బెనెదిక్తుగారినే తమకు పెద్దగా ఎన్నుకొన్నారు. తరువాత నాలుగవ పయస్ పోపుగారు, ఇట్టి విడి గుంపులవారు ఏదో ఒక స్థిరమైన మఠ సభలో చేరవలెనని ఆజ్ఞాపించినందున ఆ గుంపు చెదరిపోయినది. బెనెదిక్తుగారు ఫ్రాన్సిస్కను సభలో చేరి, పలెర్మో వెలుపల కొండ దిగువనున్న సాంతా మరియా ది జెసు మఠములో ప్రవేశించారు. అక్కడ ఆయనకు అప్పగింపబడిన పని వంట.

పెద్దరికము చేసిన మనిషికి గరిటె చేతికిస్తే ఎవరికైనను కష్టముగా తోచును. ఆయన ఆ పనిని ప్రార్థనవలెనే చేశారు. మఠము తలుపు తట్టిన బీదవారిని వట్టి చేతులతో పంపలేదని ఆయన్ను ఎరిగినవారు సాక్ష్యమిచ్చారు. 1578లో మఠమువారు ఆయననే మఠాధిపతిగా నియమించారు. ఆయనకు గురుపట్టము లేదు. చదువను వ్రాయను రాదు. ఈ రెండు కారణములు చూపి ఆయన బ్రతిమాలుకొన్నను పెద్దలు వినలేదు. విధేయుడై ఆ బాధ్యత వహించి, క్రమశిక్షణను చక్కపరచి, తరువాత క్రొత్తగా చేరిన శిష్యులకు బోధకుడుగా ఉన్నారు. పండితులు సహితము లేఖనములలోని కఠిన భాగములనుగూర్చి ఆయనతో మాట్లాడుటకు వచ్చేవారట. వేదాంత కళాశాలలో సంవత్సరముల తరబడి చదివిన మావంటివారు ఈ మాటయొద్ద కొంచెమాగి ఆలోచించుట మంచిది. పదవీకాలము ముగిసిన తరువాత ఆయన కోరుకొన్నదేమి? మరల వంటశాలకే పోయారు. రోగులు, బీదలు, అధికారులు, అందరును ఆ వంటశాలయొద్దకే వచ్చి ఆయనను ప్రార్థన అడిగేవారు.

1589 ఏప్రిల్ 4న, ఈస్టరు తరువాతి మంగళవారమున, ఆయన ప్రభువునందు నిద్రించారు. అయిదేండ్లు గడిచిన పిమ్మట, 1594లో, ఆయన జీవితమునుగూర్చి సంఘాధికారులు సాక్ష్యములు వ్రాయించుట ఆరంభించారు. 1652లో పలెర్మో నగర సభ ఆయనను నగర సంరక్షకులలో ఒకనిగా ఎన్నుకొన్నది. 1743లో పోపు పదునాలుగవ బెనెదిక్తుగారు ఆయనను ధన్యునిగాను, 1807 మే 24న ఏడవ పయస్ పోపుగారు పరిశుద్ధునిగాను ప్రకటించారు.

ఆయన పేరు సముద్రములు దాటినది. స్పెయిన్, పోర్చుగల్, బ్రెజిల్, వెనెజులా దేశములలో ఆఫ్రికా జాతి బానిసలు ఆయన పేర సహవాసములు స్థాపించుకొన్నారు. ఆయన ప్రతిమను భుజములకెత్తుకొని, తమ డోళ్ళు వాయించుచు ఊరేగించారు. ఇక్కడ ఒక చేదు నిజమును దాచరాదు. అనేక యజమానులు ఆయన అణకువను చూపి, బానిసలు అణగియుండవలెనని బోధించారు. నల్లని పరిశుద్ధుని ప్రతిమకు మ్రొక్కిన చేతులే నల్లని మనుష్యులను అమ్మినవి, కొన్నవి. ఆయన పరిశుద్ధుడుగా ప్రకటింపబడిన 1807లోనే బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారమును నిషేధించినది. గాని బ్రెజిలులో బానిసత్వము 1888 వరకు రద్దు కాలేదు. అయితే బానిసలు ఆయన జీవితమును వేరు విధముగా చదువుకొన్నారు. నల్లవారి సహవాసములు కొన్ని కానుకలు పోగుచేసి, ఆ సొమ్ముతో తమ సభ్యులకు స్వాతంత్ర్యము కొన్నవి. యజమానులు ఆయనలో అణకువను మాత్రమే చూచారు. బానిసలు మొదట చూచినది, ఆయన స్వతంత్రుడై పెరిగినాడన్న సంగతి.

2023 జూలైలో పలెర్మో పరిసరముల కొండలమీద కార్చిచ్చు చెలరేగి సాంతా మరియా ది జెసు దేవాలయమునకు అంటుకొన్నది. నాలుగు వందల యేండ్లకు పైబడి అక్కడ భద్రపరచబడిన బెనెదిక్తుగారి భౌతికకాయము చాల మట్టుకు కాలిపోయినది. అక్కడివారికి కలిగిన దుఃఖము సామాన్యమైనది కాదు. అయినను ఒకప్పుడు హేళన చేసిన ఊరే ఆయనను తన పరిశుద్ధుడని చెప్పుకొనుచున్నది. ఆ మాట అగ్నికి కాలునది కాదు.

పరిశుద్ధుల ప్రతిమలను ఊరేగించు ఆచారమునుగూర్చి క్రైస్తవులలో భిన్నాభిప్రాయములున్నవి. ఆ వాదము ఇక్కడ అక్కరలేదు. ఏ ఆచారములోనివారికైనను ఈ జీవితము ఒక ప్రశ్న వేయుచున్నది. చనిపోయిన పరిశుద్ధుని భుజములమీద మోయుట తేలిక. అతనివంటి మనిషి బ్రతికియుండి మన ప్రక్కన బల్లమీద కూర్చుంటే, అతని జాతిని, రంగును, తలిదండ్రుల వృత్తిని తలంచకుండ చోటిచ్చుట కష్టము. సంఘ చరిత్రలలో పదవులు వహించినవారి పేర్లు వరుసగా వ్రాయబడును. విందు దినమున తెల్లవారుజామునే లేచి పొయ్యి రాజేసినవారి పేర్లు సాధారణముగా ఉండవు. బెనెదిక్తుగారి పేరు నిలిచినది ఎందువలన? ఆయనను ఎరిగిన సామాన్యులను ఎవరో కూర్చుండబెట్టి అడిగారు గనుక, వారు చెప్పినది వ్రాశారు గనుక. మన మధ్యనున్న అట్టివారిని వారు బ్రతికియుండగానే గుర్తించి గౌరవించు మనస్సును దేవుడు మనకు దయచేయును గాక. ఆమెన్.