ఒక మాటకు అర్థము వెదకిన బాలుడు: ఫ్రెడరిక్ డగ్లస్

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మేరీలాండునందు 1818వ సంవత్సరమున ఫ్రెడరిక్ జన్మించెను. తాను పుట్టిన దినమేదో ఆతనికి జీవితాంతము తెలియలేదు. తల్లి హేరియట్ బెయిలీ బానిస యగుటచే బిడ్డయు బానిసయే; నాటి చట్టమట్టిది. ఆమె దూరమున మరియొక పొలమున పనిచేయుచు, ఎప్పుడో ఒక రాత్రి నడచివచ్చి, బిడ్డను పక్కలో పరుండబెట్టుకొని, తెల్లవారకమున్నే మరలిపోవుచుండెడిది. సుమారు ఏడేండ్ల ప్రాయమున ఆతడు తల్లిని కోల్పోయెను.

1826లో ఆతనిని బాల్టిమోరు నగరమున హ్యూ ఆల్డ్ అనువాని యింటికి పంపిరి. ఆ యిల్లాలు సోఫియా అంతకుమున్ను బానిసలచే పనిచేయించుకొని యెరుగదు. ఆమె బాలునకు అక్షరములు చెప్పి, మూడు నాలుగక్షరముల మాటలు కూడబలుక నేర్పసాగెను. ఇది తెలిసి భర్త కోపించి వలదనెను. చదువు వచ్చినవాడు బానిసగా నిలువడని అతని వాదము. ఆ మందలింపు భార్యకే యైనను, చెంతనుండి వినిన బాలునకు అది ఉపదేశమయ్యెను. యజమాని దేనికి భయపడుచున్నాడో అదియే తనకు వలయునదని ఆతడు గ్రహించెను.

నాటినుండి వీథియే బడి. పనిమీద పోవునపుడు రొట్టె వెంట గొనిపోయి, ఆకలితోనున్న పేద తెల్లపిల్లలకు పెట్టి, వారిచేత మాటలు చెప్పించుకొనెడివాడు. సుమారు పండ్రెండేండ్ల ప్రాయమున యాబది సెంట్లిచ్చి కొలంబియన్ ఆరేటర్ అను ప్రసంగ సంకలనమును కొనెను. అందొక బానిస తర్కమునకు లోబడి యజమాని వానిని విడిచిపెట్టు సంవాదమున్నది. మనసున నుండియు మాటలు లేక అణగిపోవుచున్న తన తలపులకు ఆ పుస్తకమున ఆతనికి మాటలు దొరకెను.

ఆ దినములలోనే అబాలిషన్ అను మాట ఆతని చెవిని బడెను. ఒక బానిస పారిపోయినను, కొట్టమునకు నిప్పు పెట్టినను అది అబాలిషన్ ఫలమని దొరలు పండ్లు కొరుకుచుండిరి. నిఘంటువు తెరచి చూడగా, అబాలిష్ చేయుటయే అబాలిషన్ అని యుండెను. (మన నిఘంటువులలోను ఇట్టి గానుగ తిరుగుడు లేకపోలేదు.) రద్దుచేయుట అనుకొన్నను, దేనిని రద్దుచేయుట? ఒకరిని అడుగుదమన్న, అడుగుటయే అపరాధమగునని భయము. కొంతకాలమునకు ఒక వార్తాపత్రిక చేతికి చిక్కెను. రాజధానియగు వాషింగ్టన్ గల కొలంబియా డిస్ట్రిక్టున బానిసత్వమును రద్దుపరచవలెనని ఉత్తరాది ప్రజలు అర్జీలు పంపుచున్నారని అందుండెను. నిఘంటువు చెప్పని యర్థము ఆ వార్తవలన తెలిసెను. తనవంటివారి విడుదలకై పాటుపడువారు లోకమున నున్నారని ఆతడెరుగుటయు ఆనాడే. అటుపిమ్మట ఆ మాట వినబడిన చోటికి మెల్లగా చేరి చెవియొగ్గుచుండెను.

వ్రాత నేర్చిన విధమును వింతయే. ఓడలు కట్టుచోట వడ్రంగులు ఎడమప్రక్క దూలముపై ఎల్ అనియు, కుడిప్రక్క దానిపై ఎస్ అనియు గుర్తు వేయుచుండిరి. వానిని చూచి దిద్దుకొని, తోడిపిల్లలతో పందెము వేసి తక్కిన అక్షరములను రాబట్టెను.

1838 సెప్టెంబరు 3న నావికుని వేషమున రైలెక్కి పారిపోయి, న్యూయార్కు మీదుగా న్యూ బెడ్‌ఫర్డ్ చేరి, డగ్లస్ అను పేరు పెట్టుకొనెను. 1841 నుండి సభలలో ప్రసంగించుచుండగా, ఇంతటి భాష పలుకువాడు బానిసయై యుండునా యని కొందరు శంకించిరి. పేర్లతో, ఊళ్లతో సహా 1845లో ఆతడు స్వీయచరిత్రను ప్రకటించెను. దానితో పట్టుబడు ప్రమాదమేర్పడి ఇంగ్లండు మొదలగు దేశములకు పోవలసివచ్చెను. 1846లో అచ్చటి మిత్రులు ధనము కూర్చి ఆతని స్వేచ్ఛను కొనిరి. మరుసటి యేట రోచెస్టరునుండి నార్త్ స్టార్ పత్రికను స్థాపించెను.

కొలంబియా డిస్ట్రిక్టున 1862 ఏప్రిలులోను, దేశమంతట 1865లోను బానిసత్వము రద్దయ్యెను. బాల్యమున పత్రికలో చదివిన ఆ డిస్ట్రిక్టులోనే 1877లో డగ్లస్ ఇల్లు కొని, పెద్ద గ్రంథాలయమును కూర్చుకొని, 1895 ఫిబ్రవరి 20న అచ్చటనే కన్నుమూసెను.